నాలుగు భుజాలు చాలవు, కర్ణం కొలవండి

(కార్మిక విద్యా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్మిక విద్యా తరగతి అనగానే వేతన స్కేళ్ళు, కరువు భత్యం, క్రమశిక్షణా నిబంధనలు మొదలైన విషయాలు వినుటకు మనం అలవాటు పడియున్నాము. నేడు నాకు అప్పగించిన విషయం వాటి పక్కన చిన్నదిగా కనిపించవచ్చును. వైశాల్యం, చుట్టుకొలత. మన పిల్లల లెక్కల పుస్తకంలోని ఒక అధ్యాయం. దీనికి ఒక ప్రసంగం అవసరమా అని మీలో కొందరికి తోచవచ్చును.

అవసరమే. ముప్పది సంవత్సరాలు సర్వీసు చేసిన గాంగ్‌మన్ గాని, పోస్ట్‌మన్ గాని, ఆర్.ఎమ్.ఎస్. సార్టర్ గాని తన జీవితంలో చేసే అతి పెద్ద కొనుగోలు ఏది? ఇంటి స్థలం. గ్రాట్యుటీ సొమ్ము, భవిష్యనిధి సొమ్ము, ఇల్లాలి మెడలోని నాలుగు కాసులు కలిపి కొనేది అదే. ఆ స్థలానికి ధర కట్టేది వైశాల్యాన్ని బట్టి. దస్తావేజులో వ్రాసేది తరచుగా నాలుగు హద్దులు, నాలుగు వైపుల పొడవులు. ఈ రెండింటి మధ్య ఒక సందు ఉన్నది. ఆ సందులో నుండి మన కష్టార్జితం ఎట్లు జారిపోవునో, దానిని ఒక టేపుతో ఎట్లు ఆపవచ్చునో చెప్పుటయే నా ఉద్దేశం.

రెండు కొలతలు, రెండు పనులు

చుట్టుకొలత అనగా ఒక ఆకారం అంచు వెంట ఒక చుట్టు నడిచిన దూరం. అది పొడవు, అడుగులలోనో మీటర్లలోనో చెప్పుతాము. వైశాల్యం అనగా ఆ అంచు లోపల ఎంత నేల ఉన్నది అన్నది. అది చదరపు అడుగులలో, చదరపు మీటర్లలో, గజాలలో వస్తుంది. ఒకటి కంచె, మరొకటి చేను.

మన ఉద్యోగాలలో ఈ రెండూ నిత్యం ఎదురవుతూనే ఉన్నవి. ప్లాట్‌ఫారం అంచున రంగు గీత వేయాలంటే కావలసినది పొడవు. అదే ప్లాట్‌ఫారం మీద బండలు పరచాలంటే కావలసినది వైశాల్యం. పార్సెల్ పరిమాణాన్ని నిర్ణయించే అంతర్జాతీయ తపాలా నిబంధనలలో పొడవుకు నడుము చుట్టుకొలతను కలుపుతారు. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు గల పెట్టె నడుము చుట్టుకొలత 30, 20 కలిపి రెట్టింపు చేస్తే 100. పొడవుతో కలిపి 140 సెంటీమీటర్లు. ఆ పెట్టె ఆరు ముఖాలను కప్పు కాగితం ఎంత అంటే మాత్రం అది వైశాల్యం లెక్క: 5,200 చదరపు సెంటీమీటర్లు, మడతలకు అదనం.

రైలు చక్రం వేరొక ఉదాహరణ. బ్రాడ్‌గేజి ప్రయాణీకుల బోగీకి వేసే కొత్త చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు. దానిని పై విలువయైన 3.1416తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 2.87 మీటర్లు. ఒక కిలోమీటరు నడచుటకు ఆ చక్రం సుమారు 348 చుట్లు తిరుగుతుంది. అరిగి వ్యాసం 900 మిల్లీమీటర్లకు దిగినప్పుడు అదే కిలోమీటరుకు సుమారు 354 చుట్లు కావలెను. వ్యాసంలో 15 మిల్లీమీటర్ల అరుగుదల, కిలోమీటరుకు ఆరు చుట్ల తేడా. చిన్న కొలతలోని తేడా పెద్ద లెక్కలో ఎట్లు పెరుగునో షెడ్డులో పనిచేసే మన సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

సూత్రాల వెనుక ఉన్న కారణం

సూత్రాన్ని వల్లించినవాడు దానిని మరచిపోవును; కారణం తెలిసినవాడు మరచినా తిరిగి తెచ్చుకొనును. కనుక కారణాలతోనే చెప్పెదను.

దీర్ఘ చతురస్రం అన్నింటికీ మూలం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిలో అడుగు కొలత చతురపు బండలు పరచితే వరుసకు 12 చొప్పున 10 వరుసలు, మొత్తం 120. పొడవును వెడల్పుతో గుణించుట అనగా ఈ బండలను లెక్కపెట్టుటయే. చుట్టుకొలత 12, 10 కలిపి రెట్టింపు చేస్తే 44 అడుగులు. గోడ ఎత్తు 10 అడుగులైతే సున్నం వేయవలసిన గోడల వైశాల్యం 44ను 10తో గుణించి 440 చదరపు అడుగులు. అందులో తలుపు, కిటికీల మేర తీసివేయవలెను. చూడండి, ఒకే గదిలో నేలకు వైశాల్యం, గోడలకు చుట్టుకొలత అక్కరకు వచ్చినవి.

దీర్ఘ చతురస్రాన్ని ఒక పక్కకు ఒరిగించితే సమాంతర చతుర్భుజం అవుతుంది. పేక దస్తాను నిటారుగా నిలిపి, పైభాగాన్ని పక్కకు నెట్టినట్లు ఊహించండి. ముక్కల సంఖ్య మారలేదు, ఎత్తు మారలేదు, వైశాల్యం మారలేదు. పక్క అంచు మాత్రం ఏటవాలుగా సాగి పొడవైనది. అందుచేత ఇక్కడ గుణించవలసినది భూమిని నిట్ట ఎత్తుతో, అనగా లంబంతో. ఏటవాలు భుజంతో గుణించరాదు. ఈ ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

సమాంతర చతుర్భుజాన్ని కర్ణం వెంట కోస్తే రెండు సమాన త్రిభుజాలు వస్తాయి. కావున త్రిభుజ వైశాల్యం భూమి, లంబాల లబ్ధంలో సగం. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో చెప్పినదీ ఇదే. రెండు భుజాలు సమాంతరంగా ఉన్న సమలంబ చతుర్భుజాన్ని కర్ణం వెంట చీల్చి రెండు త్రిభుజాలను కూడితే, సమాంతర భుజాల మొత్తంలో సగాన్ని వాటి మధ్య లంబ దూరంతో గుణించినట్లగును. వృత్తానికి పరిధిలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణించవలెను. ఇదియు ఆర్యభటీయంలోనే ఉన్నది; పై విలువను 3.1416గా ఇచ్చినవాడు కూడా ఆయనే.

ఒకే కంచె, వేరు వేరు చేలు

ఇప్పుడు 200 అడుగుల తీగ మీ చేతిలో ఉన్నదనుకొనండి. 50 అడుగుల భుజంతో చతురస్రం చుట్టితే లోపల 2,500 చదరపు అడుగులు. 60, 40 అడుగులతో చుట్టితే 2,400. 80, 20 అయితే 1,600. 90, 10 అయితే 900 మాత్రమే. వృత్తంగా చుట్టితే సుమారు 3,183. తీగ ఒక్క అంగుళం పెరగలేదు, తరగలేదు. కనుక "చుట్టూ 200 అడుగులు వచ్చింది, స్థలం పెద్దదే" అని ఎవరైనా అంటే ఆ మాటకు అర్థం లేదు.

ఇంతవరకు చాలమందికి తెలిసిన సంగతియే. తెలియనిది తరువాతి మెట్టు: నాలుగు భుజాల పొడవులు విడివిడిగా తెలిసినప్పటికీ వైశాల్యం తెలిసినట్లు కాదు.

పోయిన గది

ఒక స్థలం ఉత్తరం 60 అడుగులు, దక్షిణం 60, తూర్పు 50, పడమర 50. దస్తావేజులో ఈ నాలుగు సంఖ్యలు ఉన్నవి. 60ని 50తో గుణించి 3,000 చదరపు అడుగులు, అనగా 333 గజాల పైచిలుకు అని ధర కట్టినారు. మూలలు మట్టంగా ఉంటే లెక్క సరియే.

కాని రోడ్డు ఏటవాలుగా పోవుచున్నది. దక్షిణపు హద్దు కన్న ఉత్తరపు హద్దు 14 అడుగులు పక్కకు జరిగియున్నది. అప్పుడు రెండు హద్దుల మధ్య నిట్ట దూరం 50 అడుగులు కాదు, 48 మాత్రమే. 14 వర్గం 196, 48 వర్గం 2,304, రెండూ కలిపి 2,500. అది 50 వర్గం. నాలుగు భుజాలు దస్తావేజులో వ్రాసినట్లే అంగుళంతో సహా సరిపోతాయి. టేపు పెట్టి నాలుగు వైపులా కొలిచినవానికి ఏ లోపమూ కనిపించదు. కాని వైశాల్యం 60ని 48తో గుణించి 2,880 చదరపు అడుగులు, అనగా 320 గజాలు మాత్రమే.

పోయినది 120 చదరపు అడుగులు. ఇందాక బండలు పరచిన 12, 10 అడుగుల గది గుర్తున్నది గదా? సరిగ్గా అంత గది పోయినది. గజం 10,000 రూపాయలనుకొంటే 1,33,000 రూపాయల పైమాట.

సగటు లెక్కలోని మోసం

ఎదురెదురు భుజాలు అసమానంగా ఉన్న స్థలానికి మన ప్రాంతాలలో వాడుకలో ఉన్న పద్ధతి ఒకటి ఉన్నది. ఉత్తర, దక్షిణాలు కూడి సగం చేస్తారు. తూర్పు, పడమరలు కూడి సగం చేస్తారు. ఆ రెండు సగటులను గుణిస్తారు. ఉదాహరణకు ఉత్తరం 40 అడుగులు, దక్షిణం 70, పడమర 40, తూర్పు 50. సగటులు 55, 45. లబ్ధం 2,475 చదరపు అడుగులు, అనగా సరిగ్గా 275 గజాలు. చూచుటకు న్యాయంగానే ఉన్నది.

పడమటి భుజం ఉత్తర, దక్షిణ హద్దులకు లంబంగా ఉండి, తూర్పు భుజం ఏటవాలుగా ఉన్నదనుకొనండి. ఉత్తర, దక్షిణ హద్దులు సమాంతరం; వాటి మధ్య లంబ దూరం 40. నిజ వైశాల్యం 55ను 40తో గుణించి 2,200 చదరపు అడుగులు, సుమారు 244 గజాలు. తేడా 275 చదరపు అడుగులు, ముప్పది గజాలకు పైన.

ఒకప్పుడు ఎక్కువ, ఒకప్పుడు తక్కువ వస్తే సర్దుకొనవచ్చును గదా అని అనవచ్చును. అట్లు జరుగదు. నాలుగు మూలలు మట్టంగా ఉన్న స్థలానికి తప్ప ఈ లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపుతుంది. కారణం వినండి. త్రిభుజంలో ఏ రెండు భుజాలను తీసుకొన్నా, వాటి లబ్ధంలో సగానికి వైశాల్యం మించజాలదు. ఆ భుజాల మధ్య లంబకోణం ఉన్నప్పుడే ఆ సగాన్ని అందుకొంటుంది. స్థలాన్ని ఒక కర్ణం వెంట చీల్చితే, మొత్తం వైశాల్యం ఉత్తర, తూర్పు భుజాల లబ్ధంలో సగాన్ని, దక్షిణ, పడమర భుజాల లబ్ధంలో సగాన్ని కూడిన దానికి మించదు. రెండవ కర్ణం వెంట చీల్చితే తూర్పు, దక్షిణాల సగాన్ని, పడమర, ఉత్తరాల సగాన్ని కూడిన దానికి మించదు. ఈ రెండు మొత్తాల సగటు తీయండి. వచ్చేది సగటు భుజాల లబ్ధమే. కావున నిజ వైశాల్యం దానికి లోబడియే ఉండును. ఈ పద్ధతిలో అమ్మేవానికి నష్టం కలిగే అవకాశం లేదు. కొనేవానికి లాభం కలిగే అవకాశం లేదు.

ఇది క్రొత్త సంగతి కాదు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే ఈ సగటు లెక్కను స్థూల ఫలమని వేరుచేసి, సూక్ష్మ ఫలానికి నాలుగు భుజాలతోనే మరొక సూత్రం చెప్పినాడు. అయితే ఆ సూత్రం నాలుగు మూలలు ఒకే వృత్తం మీద ఉన్న చతుర్భుజానికే చెల్లుతుంది. మన ఒరిగిన స్థలానికి దానిని వాడితే మరల 3,000 చదరపు అడుగులే వస్తాయి. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు కూడా వ్యావహారిక ఫలం, సూక్ష్మ ఫలం అని రెండుగా చెప్పినాడు. ఆయన గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాలలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఇక భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో మరింత ఘాటుగా అన్నాడు: లంబమో కర్ణమో చెప్పకుండ చతుర్భుజం వైశాల్యం ఎంత అని అడిగినవానిని పిశాచంతో పోల్చి, దానికి సమాధానం చెప్పినవాడు అంతకన్న మించినవాడని వెక్కిరించినాడు. ఎనిమిది శతాబ్దాలు దాటినవి. అడిగేవారు, చెప్పేవారు నేటికీ ఉన్నారు.

టేపుతో చేయవలసిన పని

నివారణ కష్టం కాదు. ముప్పది మీటర్ల టేపు, ఇద్దరు మనుష్యులు, ఒక కాగితం చాలును.

మొదటిది, రెండు కర్ణాలు కొలవండి. ఎదురెదురు భుజాలు సమానంగా ఉన్న స్థలంలో కర్ణాలు కూడా సమానంగా ఉంటేనే అది దీర్ఘ చతురస్రం. 60, 50 అడుగుల స్థలం మట్టంగా ఉంటే రెండు కర్ణాలు 78.1 అడుగులు రావలెను. మన ఒరిగిన స్థలంలో ఒకటి 88.2, రెండవది 66.5 వస్తుంది. టేపు అబద్ధమాడదు.

రెండవది, మూల మట్టమో కాదో చూచుటకు తాపీ మేస్త్రీలు ఎరిగిన ఉపాయం. మూల నుండి ఒక వైపు 3 అడుగులు, రెండవ వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య కొలవండి. 5 అడుగులు వస్తే లంబకోణం. పెద్ద స్థలంలో 30, 40, 50 అడుగులతో చేస్తే మరింత కచ్చితంగా తెలుస్తుంది.

మూడవది, ఆకారం ఎట్టిదైనా చెల్లే పద్ధతి. ఒక కర్ణం కొలిచి, స్థలాన్ని రెండు త్రిభుజాలుగా భావించండి. త్రిభుజం మూడు భుజాలు తెలిస్తే దాని ఆకారం మారుటకు వీలు లేదు, వైశాల్యం ఒక్కటే. మూడు భుజాలు కూడి సగం చేయండి. ఆ సగంలో నుండి ఒక్కొక్క భుజాన్ని తీసివేయండి. సగాన్ని, ఆ మూడు శేషాలను గుణించి వర్గమూలం తీయండి. 13, 14, 15 మీటర్ల త్రిభుజానికి సగం 21, శేషాలు 8, 7, 6, లబ్ధం 7,056, వర్గమూలం 84 చదరపు మీటర్లు. మన ఒరిగిన స్థలంలో 60, 50, 66.5 భుజాలుగా గల త్రిభుజానికి సుమారు 1,440 వస్తుంది; రెండు త్రిభుజాలకు 2,880. వర్గమూలం మీట నేడు ప్రతి సెల్‌ఫోనులోను ఉన్నది.

ప్రభుత్వ సర్వే వారు చేసేది కూడా ఇదే. పూర్వపు మద్రాసు రాష్ట్రపు సర్వే పద్ధతిలో పొలాన్ని కర్ణాలతో త్రిభుజాలుగా విభజించి, వంకరలకు లంబాలు కొలిచి, ఫీల్డ్ మెజర్‌మెంట్ పుస్తకంలో గీసినారు. తెలంగాణలో టిప్పన్ అని పిలిచే పటం సైతం ఇట్టి కొలతల పటమే. స్థలం కొనేముందు ఆ పటం నకలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ కరణాల వ్యవస్థ 1984లో రద్దయినది. కరణాన్ని అడిగే రోజులు పోయినవి. కర్ణాన్ని కొలిచే అలవాటు రావలెను.

ప్రమాణాలు, గోడలు

ప్రమాణాలు మార్చునప్పుడు కూడా జాగ్రత్త అవసరం. గజానికి 3 అడుగులు, కాని చదరపు గజానికి 9 చదరపు అడుగులు. ఎకరాకు 4,840 చదరపు గజాలు. ఆంధ్ర ప్రాంతంలో ఎకరా 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు, తెలంగాణలో ఎకరా 40 గుంటలు, గుంటకు 121 గజాలు. చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు. ఖరగ్‌పూర్‌లో పనిచేసి స్వస్థలంలో స్థలం కొనే సోదరుడు ఏ ప్రమాణంలో ధర చెప్పుచున్నారో ముందుగా వ్రాయించుకొనవలెను.

కట్టిన ఇంటిలోను ఇదే సమస్య. బయటి కొలత 40, 30 అడుగులైతే 1,200 చదరపు అడుగులు. చుట్టూ 9 అంగుళాల గోడ తీసివేస్తే లోపలి కొలత 38.5, 28.5, వైశాల్యం 1,097 చదరపు అడుగుల చిల్లర. బయటి గోడలే నూరు చదరపు అడుగులకు పైగా తీసుకొన్నవి. అపార్ట్‌మెంట్లు కొనేవారికి 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చినది. బయటి గోడలు, సర్వీసు షాఫ్టులు, బాల్కనీ, వరండా, పై టెర్రస్ అందులో చేరవు. లోపలి అడ్డుగోడలు చేరుతాయి. ధర ఏ వైశాల్యానికి చెప్పుచున్నారో అడుగుట మీ హక్కు.

సంఘం చేయవలసినది

ఇది ఒక్కొక్కరి జాగ్రత్తతో ముగిసే విషయం కాదు. మనవారు ఎక్కువగా సహకార గృహ నిర్మాణ సంఘాల ద్వారా స్థలాలు పొందుతారు. లేఅవుట్‌లో నడిమి ప్లాట్లు సాధారణంగా మట్టంగా ఉంటాయి. రోడ్డు మలుపున, చెరువు గట్టున, రైలు కట్ట పక్కన ఉన్న ప్లాట్లు వంకరగా ఉంటాయి. లాటరీలో అవి ఎవరికి వస్తే వారు అదే ధర చెల్లించి తక్కువ నేల పొందుతారు. అప్పుడు నష్టపరచినవాడు బయటి వ్యాపారి కాదు. మన లెక్కయే మన సోదరుని నష్టపరచినది. కావున లేఅవుట్ పటంలో ప్రతి ప్లాటుకు నాలుగు భుజాలతో పాటు ఒక కర్ణం కొలత కూడా వేయవలెనని, వైశాల్యం త్రిభుజాల పద్ధతిలోనే కట్టవలెనని సంఘ సభ్యులు తీర్మానించి వ్రాయించవలెను. అమ్మేటప్పుడు సగటు లెక్క, కొనేటప్పుడు కర్ణం లెక్క అనే రెండు నాలుకల ధోరణి మనకు తగదు.

మన చుట్టూ పనిచేసే కాంట్రాక్టు కార్మికులను కూడా మరువరాదు. సున్నం వేసేవారికి, బండలు పరచేవారికి కూలి చదరపు కొలతను బట్టి కడతారు. కొలత పుస్తకంలో ఏమి వ్రాసినారో వారు చదవలేకపోతే, పక్కన నిలబడి చదివి చెప్పుట లెక్క తెలిసిన మన బాధ్యత.

ప్రతి శాఖ కార్యాలయంలోను ఒక మంచి టేపు ఉంచండి. స్థలం కొనబోయే సభ్యునికి దానిని ఇచ్చి, తోడుగా మరొక సభ్యుని పంపండి. అడ్వాన్సు ఇచ్చేముందే కొలవండి. రిజిస్ట్రేషన్ అయిన తరువాత కొలిస్తే మిగిలేది వివాదమే. దస్తావేజు షెడ్యూలులో కర్ణం కొలత వ్రాయించండి. ఈ పనికి ఏ చట్టమూ అడ్డు రాదు, ఖర్చు లేదు, ఒక గంట కాలం చాలును.

వేతనం పెంచుకొనుటకు మనం సంవత్సరాల తరబడి పోరాడుతున్నాము. ఆ వేతనంతో కొన్న నేలను సరిగా కొలుచుకొనుట ఆ పోరాటానికి కొనసాగింపే.